స్పెయిన్ పాత నాటకశాలలు: అపోహలు - వాస్తవాలు

ప్రపంచ నాటక చరిత్రను మనం ఎక్కువగా ఇంగ్లీషు పుస్తకాల్లోంచే నేర్చుకున్నాం. అందుకే 16, 17 శతాబ్దాల నాటకం అనగానే లండన్, షేక్‌స్పియర్ గుర్తొస్తారు. స్పెయిన్‌నూ అదే కొలతతో చూస్తాం. ఈ పాఠం చెప్పే నాకు క్లాసులో తరచూ ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: ఆ నాటకశాలలను రాజులు తమ వినోదం కోసం కట్టించారు.

వాస్తవం: మాడ్రిడ్‌లో తొలి శాశ్వత నాటకశాలలు ఆసుపత్రుల ఖర్చుల కోసం పుట్టాయి. పేద రోగులను చూసుకునే రెండు మత సేవా సంఘాలు నాటకాలు ఆడించే హక్కు సంపాదించాయి. మొదట్లో ఇళ్ల మధ్య ఉండే పెరళ్లను అద్దెకు తీసుకుని ఆడించేవారు. తర్వాత సొంతంగా 1579లో క్రూస్, 1583లో ప్రిన్సిపె అనే నాటకశాలలు కట్టుకున్నారు. ఇలాంటి పెరటి నాటకశాలను కొర్రాల్ అంటారు. ప్రేక్షకుడు గుమ్మం దగ్గర నాటక బృందానికి ఒకసారి, లోపల ఆసుపత్రి కోసం ఇంకోసారి డబ్బు కట్టాలి. కూర్చోవాలంటే మళ్లీ వేరే రుసుము. పక్క ఇళ్ల కిటికీలు కూడా ధనవంతులకు బాక్సులుగా అద్దెకు పోయేవి!

ఈ లెక్క తెలియకపోతే మిగతా చరిత్ర అర్థం కాదు. నాటకాలు జనాన్ని చెడగొడుతున్నాయని మతపెద్దలు గోల పెట్టగా 1598లో స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ వాటిని ఆపేయించాడు. అప్పుడు మాడ్రిడ్ నగరమే ఆయనకు విన్నపం పెట్టుకుంది. ఆసుపత్రులకు వచ్చే ఆదాయం అందులో బలమైన వాదన. ఆ ఏడే రాజు చనిపోయాడు, 1599లో తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి. రోగుల మందులకూ తిండికీ టికెట్ డబ్బే ఆధారమైన చోట నాటకాన్ని పూర్తిగా మూయించడం ఎవరికీ అంత తేలిక కాలేదు.

అపోహ: ఆ రోజుల్లో ఆడవేషాలు మగవాళ్లే వేసేవారు.

వాస్తవం: ఇది లండన్ సంగతి. అక్కడ నటీమణులు వృత్తిగా రంగం మీదికొచ్చింది 1660 తర్వాతే. స్పెయిన్‌లో 1587లోనే స్త్రీలకు అనుమతి దొరికింది. నటీమణులున్న ఇటాలియన్ బృందాలు అంతకుముందే అక్కడ ఆడుతుండేవి. పెళ్లయి ఉండాలి, మగ దుస్తులు వేసుకోకూడదు లాంటి షరతులు పెట్టారు. కానీ మగవేషంలో ఉన్న నాయికను చూడటానికి జనం ఎగబడేవారు. ఆ నిషేధాన్ని మళ్లీ మళ్లీ జారీ చేయాల్సి వచ్చిందంటే దాన్ని ఎవరూ పట్టించుకోలేదనే కదా!

ప్రేక్షకుల్లో మాత్రం ఆడామగా విడివిడిగా ఉండేవారు. స్త్రీలకు వేరే ద్వారం, రంగానికి ఎదురుగా వెనక గోడ దగ్గర వేరే గ్యాలరీ. దాని పేరు కసువేలా. రద్దీ రోజుల్లో వాళ్లను ఇంకాస్త దగ్గరగా జరిపి కూర్చోబెట్టడానికి ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టేవారు. మధ్యలో ఆరుబయట నిలబడి చూసే మగవాళ్లకు నచ్చకపోతే ఈలలతో నాటకాన్నే ముంచేసేవారు.

అపోహ: ఆ కాలపు స్పెయిన్ నాటకకర్త లోపే దె వేగా 1800 నాటకాలు రాశాడు.

వాస్తవం: ఆయన శిష్యుడొకడు చెప్పిన అంకె ఇది. ఆయనవేనని పండితులు గట్టిగా ఒప్పుకునేవి మూడు వందల పైచిలుకు. అవైనా తక్కువా? ఒక నాటకం కొద్ది రోజులకు మించి ఆడేది కాదు, బృందాలకు ఎప్పుడూ కొత్తది కావాలి.

అపోహ: పైకప్పు లేని ఆ చోట్ల అలంకరణ, యంత్రాలు ఏమీ ఉండవు.

వాస్తవం: మధ్యాహ్నం వెలుగులోనే ఆడేవారు, ఎండకు పైన గుడ్డ పందిరి లాగేవారు. అయినా రంగం వెనక అంతస్తులు, తెర తీస్తే హఠాత్తుగా కనిపించే దృశ్యాలు, నేలలో తలుపులు, మనిషిని పైకెత్తే యంత్రాలు ఉండేవి. దృశ్యాలను గీసి మార్చే ఇటాలియన్ పద్ధతి మాత్రం 1640లో తెరిచిన బుయెన్ రెతీరో రాజభవన నాటకశాలలో బాగా వికసించింది.

అపోహ: ఇవన్నీ ఎప్పుడో నేలమట్టమయ్యాయి.

వాస్తవం: మాడ్రిడ్ కొర్రాల్స్ రెండూ లేవన్నది నిజమే. ప్రిన్సిపె ఉన్న చోట ఇప్పుడు తెయాత్రో ఎస్పన్యోల్ నడుస్తోంది. కానీ అల్మాగ్రో అనే ఊళ్లో 17వ శతాబ్దం నాటి కొర్రాల్ మిగిలింది. సత్రంగా మారిపోయిన ఆ ఇంట్లో పాత రంగం 1950ల మొదట్లో బయటపడింది. 1978 నుంచి ఏటా ఆ ఊళ్లో ప్రాచీన నాటకోత్సవం జరుగుతోంది. నాకు ఇంకా ఇష్టమైనది అల్కలా దె ఎనారెస్‌లో ఉన్నది. 1600 ప్రాంతంలో కొర్రాల్‌గా మొదలై, తర్వాత పైకప్పు వేయించుకుని, చివరికి సినిమా హాలైంది. మరుగున పడిన పాత రంగాన్ని 1980ల్లో గుర్తించారు. బాగుచేసి 2003లో తెరిచినప్పుడు ఒక్క కాలానికే తిరిగి అతికించకుండా అన్ని కాలాల ఆనవాళ్లూ కనపడేలా ఉంచారు. నాటకశాలల చరిత్ర చదివేవాళ్లు స్పెయిన్ వెళ్తే ముందు చూడాల్సింది అదేనని నా అభిప్రాయం.