జైలు పాఠం చెప్పేవాళ్లకు: అపోహలు - వాస్తవాలు

జైలు అనగానే పిల్లల కళ్ల ముందు మెదిలేది సినిమా జైలు. పాఠం మొదలుపెట్టే ముందు ఐదు నిమిషాలు వాళ్లకు తెలిసిందంతా బోర్డు మీద రాయించండి. ఏ బడిలో రాయించినా తప్పకుండా కనిపించేవి ఇవి.

అపోహ: జైల్లో ఉన్నవాళ్లంతా నేరం చేసినవాళ్లే.

వాస్తవం: 2022 చివరినాటి జాతీయ నేర గణాంకాల ప్రకారం దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు, అంటే కేసు ఇంకా తేలనివాళ్లు. శిక్ష పడ్డవాళ్లు 1,33,415 మందే. ఈ అంకెలు బోర్డు మీద రాస్తే పిల్లలు నోట్సులో ఎక్కించుకుని మర్చిపోతారు. 40 మంది ఉన్న తరగతైతే 40 చీటీలు చెయ్యండి. 30 మీద ‘విచారణ’, 9 మీద ‘శిక్ష’, 1 మీద ‘ముందస్తు నిర్బంధం’ (నేరం చేస్తారేమోనన్న అనుమానంతో ముందే పట్టి ఉంచడం) అని రాసి పంచి, విచారణ చీటీ వచ్చినవాళ్లను లేవమనండి. గదంతా లేచి నిలబడుతుంది. తర్వాత పదిమంది సరిగ్గా పట్టేంత గడి నేల మీద సుద్దతో గీసి, అందులో పదముగ్గురిని నిలబెట్టండి. 4,36,266 మందికి సరిపోయే జైళ్లలో ఆ ఏడాది ఇరుకు అదే.

ఒక్క జాగ్రత్త. ‘దొంగ’, ‘హంతకుడు’ అంటూ వేషాలు వేయించొద్దు. ఆ తరగతిలోనే ఎవరి నాన్నో, అన్నో నిజంగా లోపల ఉండొచ్చు.

అపోహ: యావజ్జీవమంటే 14 ఏళ్లు. పైగా పగలొక రోజు, రాత్రొక రోజు లెక్క కాబట్టి ఏడేళ్లే.

వాస్తవం: రోజంటే జైల్లోనూ 24 గంటలే. యావజ్జీవమంటే బతికినన్నాళ్లూ అని 1961లోనే సుప్రీంకోర్టు తేల్చింది. మరి 14 ఎక్కడిది? కేసులు ఎలా నడపాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో 1978లో చేర్చిన 433ఎ సెక్షన్ నుంచి వచ్చింది. ఇప్పుడది దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 475వ సెక్షన్. ఉరిశిక్ష కూడా పడగల నేరానికి యావజ్జీవం పడితే, 14 ఏళ్లు లోపల గడపకుండా ఆ చట్టం కింద ప్రభుత్వం శిక్ష తగ్గించి వదలకూడదని దాని అర్థం. అంటే 14 ఏళ్లు నిండాక అడగొచ్చు. వదిలి తీరాలని లేదు.

కాస్త చదివిన పిల్లలు ‘యావజ్జీవం 20 ఏళ్లు కదా’ అంటారు. అది నేరాలకు శిక్షలు చెప్పే చట్టం బీఎన్‌ఎస్‌లో 6వ సెక్షన్‌లోది, భిన్నాలు కట్టడానికే పనికొస్తుంది. నేరానికి ప్రయత్నించి విఫలమైనవాడికి ‘సగం యావజ్జీవం’ దాకా వెయ్యొచ్చన్నప్పుడు, జీవితంలో సగమెంతో ఎవరు చెప్పగలరు? అందుకని 20 అనుకుని 10 ఏళ్లుగా లెక్కిస్తారు.

అపోహ: బెయిలొస్తే కేసు పోయినట్టే.

వాస్తవం: కేసు అలాగే నడుస్తుంది. మనిషి బయట ఉండి వాయిదాలకు హాజరవుతాడు, అంతే. నేరాన్నిబట్టి 60 లేదా 90 రోజుల్లో పోలీసులు ఛార్జిషీటు వెయ్యకపోతే బెయిలు అడిగే హక్కే వస్తుంది.

అపోహ: అండమాన్ సెల్యులార్ జైల్లో నడిమి టవర్ ఎక్కితే ప్రతి గది లోపలా కనిపించేది.

వాస్తవం: ఇది రెండు నమూనాలను కలిపేయడం వల్ల వచ్చిన పొరపాటు. ఒక్కచోటి నుంచే అన్ని గదుల్లోకీ చూసే గుండ్రటి జైలు 18వ శతాబ్దం చివర జెరెమీ బెంథామ్ గీసిన ఊహ. 1896-1906 మధ్య పోర్ట్ బ్లెయిర్‌లో కట్టింది బండిచక్రం ఆకుల్లాంటిది: నడుమ టవర్, చుట్టూ ఏడు బారులు. ఒక బారు గదుల ముఖం పక్క బారు వీపుకేసి ఉంటుంది. టవర్ కాపలాకు దొరికేవి వరండాలు. ఖైదీకి ఎదుటి ఖైదీ ముఖం దొరకదు, అసలు ఉద్దేశం అదే. చార్టు మీద ఏడు గీతలు గీయించి, ప్రతిగీతకూ ఒకేపక్క గదులు పెట్టిస్తే పిల్లలే కనిపెడతారు.

అపోహ: స్టువర్టుపురం దొంగల ఊరు.

వాస్తవం: తెలుగు తరగతిలో దీన్ని దాటేసి జైళ్ల చరిత్ర చెప్పకూడదు. ఈ ఊళ్లో ఉంచిన ఎరుకల తెగవాళ్లు అంతకుముందు ఊరూరూ తిరుగుతూ ఉప్పు, ధాన్యం మోసి అమ్ముకునేవారు. తెల్లదొరల ఉప్పు విధానం, రైళ్లు ఆ బేరాన్ని దెబ్బతీశాయి. తిరిగే జనమంటే సర్కారుకు ముందే అనుమానం. 1871 నాటి నేరస్థ తెగల చట్టం మనిషి చేసిన పనిని కాక పుట్టిన కులాన్నే నేరంగా రాసింది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది: వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే అనుమతి. 1913లో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికిచ్చి, అలాంటివాళ్లను నిఘాలో ఉంచడానికి పెట్టిన సెటిల్‌మెంటే ఈ ఊరు. పేరు హెరాల్డ్ స్టువర్ట్ అనే అధికారిది. 1952లో చట్టం రద్దయినా ఆ ముద్ర పోలేదు. జైలు మాన్యువళ్లలో కులాన్నిబట్టి పనులు పంచే నిబంధనలను సుప్రీంకోర్టు కొట్టేసింది 2024 అక్టోబరు 3న మాత్రమే.

అపోహ: సాక్షి భగవద్గీత మీద చెయ్యేసి ప్రమాణం చేస్తాడు.

వాస్తవం: 1969 ప్రమాణాల చట్టంలో గీత లేదు. దేవుడి పేరనో, ఆత్మసాక్షిగానో చెబితే చాలు.

అపోహ: కోర్టులోకి మామూలు జనాన్ని రానివ్వరు.

వాస్తవం: విచారణ బహిరంగంగానే జరగాలి. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం), అత్యాచారం కేసులు మాత్రం తలుపులు మూసి వింటారు. పిల్లలను తీసుకెళ్లేముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థతో మాట్లాడండి. ఒక్కో హాలుకు 15 మందికి మించొద్దు, ఫోన్లు బయటే. తలా ఒక కాగితం ఇచ్చి నాలుగు గళ్లు గీయించండి: వాయిదా, సాక్షి, వాదన, తీర్పు. పిలిచిన ప్రతి కేసుకూ ఒక గీత. మొదటి గంటలో వాయిదా గడే నిండుతుంది, పిల్లలు విసుక్కుంటారు. ఆ కాగితాలు పారెయ్యకండి. మర్నాడు ఆ 30 ‘విచారణ’ చీటీల పక్కన పెట్టి, విచారణ ఖైదీల కేసులు ఎందుకు తేలడం లేదో పిల్లలనే అడగండి.