పగబట్టిన హీరోకి క్యారెక్టర్ సర్టిఫికెట్ కావాలా? ఒక నాటకాల రచయిత అపోహలు - వాస్తవాలు

గుంటూరులో ఉంటాను. పరిషత్తులకు నాటికలు రాస్తాను, ఆడిస్తాను. ఆదివారాలు బెజవాడ వెళ్లి, సినిమా కథలు రాసుకునే కుర్రాళ్లతో కూర్చుంటాను. వాళ్లు తెచ్చే వాటిలో ఎక్కువ భాగం పగ కథలే. కథ చెప్పడం అయ్యాక వచ్చే సందేహం కూడా దాదాపు ఒకటే: "సార్, మనవాడు తాగుతాడు, దొంగతనాలు చేస్తాడు. వీడు పగ తీర్చుకుంటే జనం ఒప్పుకుంటారా?" వెంటనే పక్కనున్నవాడు అందుకుంటాడు: "ఓ అనాథాశ్రమం నడుపుతున్నట్టు చూపించెయ్, జస్టిఫై అయిపోద్ది."

ఈ జస్టిఫై అనే మాట చుట్టూ మా రంగంలో కొన్ని నమ్మకాలు గట్టిగా పాతుకుపోయాయి. వాటి గురించే ఈ పోస్టు.

అపోహ: పగ న్యాయంగా అనిపించాలంటే హీరో మంచివాడై ఉండాలి.

వాస్తవం: మనకు తెలిసిన అతి పెద్ద పగ కథలో ధర్మం పక్షాన నిలబడ్డవాడు జూదరి. శకుని పాచికలు ఎలా వేస్తాడో తెలిసే ధర్మరాజు కూర్చున్నాడు. రాజ్యం ఒడ్డాడు, తమ్ముళ్లను ఒడ్డాడు, తనను ఒడ్డుకున్నాడు, చివరికి ద్రౌపదిని ఒడ్డాడు. ధృతరాష్ట్రుడు అన్నీ తిరిగి ఇచ్చేశాక, రెండోసారి పిలిస్తే మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. ఇంతకంటే పెద్ద మచ్చ ఏ హీరోకి పెడతాం? అయినా సభలో ద్రౌపదికి జరిగినది ఆ జూదం వల్ల సగం నేరంగా మారిపోలేదు. తప్పు చేసినవాడికీ అన్యాయం జరుగుతుంది. ఈ రెండూ వేర్వేరు పద్దులు.

మన పల్నాటి కథ కూడా ఇంతే. బ్రహ్మనాయుడి వర్గం కోడిపందెంలో ఓడి, మాచర్ల వదిలి ఏడేళ్లు వలస పోయింది. అవతలి వర్గాన్ని నడిపించిన నాగమ్మ మోసంతో గెలిచిందనే చెబుతారు, సరే. కానీ రాజ్యాన్ని కోడి కాలికి కట్టమని బ్రహ్మనాయుడి మెడ మీద ఎవరూ కత్తి పెట్టలేదు. వీరగాథ పాడేవాళ్లు ఆ పందెం ఘట్టాన్ని దాచరు, తీరిగ్గా పాడతారు. మచ్చ దాచి హీరోని నిలబెట్టాలనే కంగారు పాతవాళ్లకు లేదు. అది మనకే వచ్చింది.

అయితే ఒక తేడా చూసుకోవాలి. హీరో తప్పుకీ, అతను పగబట్టిన అన్యాయానికీ సంబంధం ఉందా? హీరో తాగుబోతు, అతని తమ్ముణ్ని ఇసుక లారీతో తొక్కించి చంపారనుకోండి. అన్న తాగుడు అక్కడ అనవసరం. అదే హీరో తాను కూడా పదిమందికి అదే అన్యాయం చేసినవాడైతే లెక్క మారిపోతుంది.

ఒక కుర్రాడు కాల్‌మనీ కథ తెచ్చాడు, అంటే మితిమీరిన వడ్డీకి అప్పులిచ్చి బెదిరించి వసూలు చేసే దందా. 2015 చివర్లో ఆ వ్యవహారం బయటపడి విజయవాడ ఎంత అట్టుడికిందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. ఇతని హీరో వడ్డీ వసూళ్లు చేసే మనిషి. కృష్ణలంకలో ఇళ్లలోకి జొరబడి సామాన్లు ఎత్తుకొచ్చేవాడు. పోటీ ముఠావాడు ఇతని తమ్ముణ్ని చంపుతాడు, ఇక పగ. ఇందులోనూ అనాథాశ్రమం ఉంది. మేం దాన్ని తీసేశాం. బదులుగా, హంతకుడు ఎక్కడ దాక్కున్నాడో తెలిసిన ఒకే ఒక్క మనిషిగా, హీరో ఇల్లు ఖాళీ చేయించిన ఆవిణ్నే పెట్టాం. ఇతను ఆవిడ గుమ్మం ముందు నిలబడి, "అక్కా, వాడెక్కడున్నాడో చెప్పు" అంటాడు. ఆవిడ, "నా బీరువా ఎక్కడుందో ముందు నువ్వు చెప్పరా" అంటుంది.

ఆ సీన్ తర్వాత హీరో మంచివాడు కాలేదు. అతని పగ మాత్రం వినదగ్గదయింది. ఎందుకంటే కథ అతని బాకీ కూడా చూస్తోందని ప్రేక్షకుడికి అర్థమైంది. నా దృష్టిలో అసలు విషయం ఇదే. హీరో శీలం ఎంత తెలుపు అన్నది కాదు, అతని దెబ్బ ఎవరెవరికి తగులుతోందో కథ లెక్క రాస్తోందా లేదా అన్నది చూడాలి.

అపోహ: జరిగిన అన్యాయం ఎంత పెద్దదైతే, హీరో అంత దూరం వెళ్లొచ్చు.

వాస్తవం: ఇంటర్వెల్ ముందు వరకూ విలన్ క్రూరత్వం పెంచుకుంటూ పోయేది ఈ నమ్మకంతోనే. చిన్నపిల్లను చంపించి, ముసలివాళ్లను తగలబెట్టించి, ఆ తర్వాత హీరో చేతికి కత్తి ఇచ్చి బ్లాంక్ చెక్కు మీద సంతకం పెట్టేస్తాం.

అశ్వత్థామను తీసుకోండి. కొడుకు పోయాడన్న మాట నమ్మి, ఆయుధం వదిలేసి కూర్చున్న ద్రోణుడి తల నరికాడు ధృష్టద్యుమ్నుడు. కొడుకుగా అశ్వత్థామ ఫిర్యాదులో ఒక్క లొసుగు లేదు. రాత్రి శిబిరంలోకి చొరబడి ధృష్టద్యుమ్నుణ్ని చంపాడు. కథ అక్కడ ఆగి ఉంటే ఇవాళ అతని గురించి ఇంకోలా మాట్లాడుకునేవాళ్లం. ఆగలేదు. అదే శిబిరంలో ఉన్న ద్రౌపది కొడుకులు, ఉపపాండవులు ఐదుగురినీ చంపాడు. అదీ చాలక, మర్నాడు ఉత్తర కడుపులోని పిండం మీదికి అస్త్రం మళ్లించాడు. గాయం అదే, న్యాయం అదే. చెయ్యి మాత్రం దోషిని దాటిపోయింది. ఆ దాటిన చోటే అతను హీరో జాబితాలోంచి జారిపోయాడు.

భీముడితో పోల్చి చూడండి. దుర్యోధనుడి తొడ విరగ్గొట్టడం గదాయుద్ధ నియమానికి విరుద్ధం, నాభికి కింద కొట్టకూడదు. బలరాముడు నాగలి ఎత్తి మీదికొస్తే కృష్ణుడు పట్టుకుని ఆపాల్సి వచ్చింది. పడిపోయిన దుర్యోధనుడు, భీష్ముణ్ని ఎలా పడగొట్టారో, ద్రోణుణ్ని ఎలా చంపారో, కర్ణుణ్ని ఎలా కొట్టారో ఒక్కొక్కటే ఎత్తి కృష్ణుణ్ని కడిగేశాడు. అప్పుడు అతని మీద పూలవాన కురిసిందంటుంది శల్యపర్వం. ప్రతిజ్ఞ తీర్చుకున్న భీముడి మీద కాదండీ, తొడ విరిగి పడినవాడి మీద! వ్యాసుడు భీముడి పగ తీరనిచ్చాడు, తప్పును తప్పుగానే రాసిపెట్టాడు. అయినా భీముణ్ని మనం వదులుకోలేదు. అతని గద తగిలింది ఎవరికి తగలాలో వాళ్లకే కాబట్టి.

ఇంకొంచెం వెనక్కి వెళ్తే ఈ గొలుసు మొదలు కూడా కనిపిస్తుంది. ద్రుపదుడు చిన్ననాటి స్నేహితుడైన ద్రోణుణ్ని అవమానించాడు. ద్రోణుడు శిష్యుల చేత అతన్ని పట్టి తెప్పించి సగం రాజ్యం లాక్కున్నాడు. ద్రుపదుడు, ద్రోణుణ్ని చంపే కొడుకు కావాలని యజ్ఞం చేసి ధృష్టద్యుమ్నుణ్ని పొందాడు. ఆ కొడుకు ద్రోణుణ్ని చంపితే, ద్రోణుడి కొడుకు ఆ కొడుకును చంపాడు. వీళ్లలో ఎవర్ని లేపి అడిగినా "మొదలుపెట్టింది వాళ్లే" అంటారు, ఎవరి వాదన వాళ్లకు నిజం కూడా. పగ కథ రాసేవాళ్లు విలన్ వైపు నుంచి ఒక్క పేజీ రాసి చూడండి. అతనికీ ఒక ఫ్లాష్‌బ్యాక్ దొరక్కపోతే మీరు రాసింది మనిషిని కాదు, దిష్టిబొమ్మను.

అపోహ: ఏళ్ల తరబడి కాచుకుని తీర్చుకున్న పగకే ఎక్కువ న్యాయం ఉంటుంది.

వాస్తవం: చట్టం సరిగ్గా దీనికి ఉల్టాగా ఆలోచిస్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 101వ సెక్షన్ మొదటి మినహాయింపు చూడండి. పాత ఐపీసీలో ఇది 300వ సెక్షన్ కింద ఉండేది. తీవ్రంగా, హఠాత్తుగా రెచ్చగొట్టడం వల్ల నిగ్రహం కోల్పోయి ఆ ఊపులో చంపితే, కొన్ని షరతులకు లోబడి, దాన్ని హత్యగా చూడరు. నరహత్య కింద శిక్ష ఉంటుంది. అంటే కోపం చల్లారడానికి టైమ్ దొరికిన కొద్దీ నేరం బరువెక్కుతుంది. 1961లో నానావతి కేసులో సుప్రీంకోర్టు చూసింది ఇదే. నానావతి నౌకాదళ అధికారి, భార్య ప్రియుణ్ని కాల్చి చంపాడు. విషయం తెలిశాక భార్యాపిల్లల్ని సినిమా హాలు దగ్గర దింపాడు, ఓడకు వెళ్లి అబద్ధపు కారణం చెప్పి రివాల్వర్ తీసుకున్నాడు, ఆ తర్వాతే వెళ్లి కాల్చాడు. తేరుకోవడానికి ఆ కొద్ది గంటలు చాలని కోర్టు తేల్చింది.

మరి మన హీరో? ఇరవై ఏళ్లు కాచుకుంటాడు! చట్టం లెక్కలో అతనంత ముదురు నేరస్తుడు ఉండడు. ఇది తప్పని నేననను, కథకు ఎదురుచూపు కావాలి. అప్పుడే అది ఆవేశం కాక, తెలిసి ఎంచుకున్న దారి అవుతుంది. తెలిసి ఎంచుకున్నప్పుడే మంచీ చెడూ చర్చకు వస్తాయి. కాకపోతే ఆ ఇరవై ఏళ్లలో అతను ఏం చేశాడో చెప్పాలి. కండలు పెంచాడు, అంతేనా? పోలీస్ స్టేషన్ మెట్లెక్కాడా? వాయిదాలకు తిరిగాడా? సాక్షులు ఎదురు తిరిగారా? కోర్టు వాయిదాలంటే ఏమిటో గుంటూరు, పల్నాడు ప్రేక్షకుడికి మనం నేర్పక్కర్లేదు. "కేసు కొట్టేశారు" అన్న ఒక్క డైలాగుతో ఇరవై ఏళ్లు దాటేస్తే నమ్మడు.

అపోహ: రాజీ సీన్ పెడితే హీరోయిజం తగ్గుతుంది, కథ ల్యాగ్ అవుతుంది.

వాస్తవం: మా ప్రాంతంలో రాత్రి తెల్లవార్లూ జనాన్ని కూర్చోబెట్టిన సీను కృష్ణ రాయబారమే. ఐదూళ్లిచ్చినా చాలు అని అడగడమే అందులో కథంతా. ఆ మాట కాదన్నాకే యుద్ధానికి ముఖం వచ్చింది. ఇంకో చిత్రం, ఉద్యోగపర్వంలో కృష్ణుణ్ని సంధి కుదర్చమని మెత్తగా బతిమాలినవాళ్లలో భీముడు కూడా ఉన్నాడు! కృష్ణుడే ఆశ్చర్యపోయి అతన్ని ఎగతాళి చేశాడు. తొడ విరగ్గొడతానని ప్రతిజ్ఞ చేసిన మనిషి, వంశం నిలవడానికి ఆ ప్రతిజ్ఞ వదులుకోవడానికి కూడా సిద్ధపడ్డాడు. దీంతో భీముడు చిన్నవాడయ్యాడా?

కార్తీకంలో కారంపూడి వీరుల తిరునాళ్లకు వెళ్లినవాళ్లకు తెలుసు. ఐదు రోజులు జరిగే ఆ ఉత్సవంలో ఒక రోజు పేరే రాయబారం. బ్రహ్మనాయుడి పక్షం నుంచి రాయబారిగా వెళ్లిన అలరాజుకు విషం పెట్టి చంపారన్నది కథ. మాట్లాడటానికి వచ్చినవాణ్ని చంపాక ఆ పక్షానికి కత్తి తీయడానికి వేరే కారణం అక్కర్లేకపోయింది. స్క్రీన్‌ప్లే భాషలో చెప్పాలంటే ఇంతకంటే మంచి ఇంటర్వెల్ ఎవరూ రాయలేరు.

అపోహ: చెల్లెలో భార్యో చనిపోతే చాలు, హీరో ఏం చేసినా జనం వెంట ఉంటారు.

వాస్తవం: రెండు పాటలు, ఒక జడ, ఒక శవం. ఆ అమ్మాయికి కథలో ఇంతకు మించి ఏమీ ఉండదు. ఆమె పేరు మీద ముప్ఫై మందిని నరికే అధికారం హీరోకి ఎవరిచ్చారు? ఆమెను ఎవరైనా అడిగారా?

ద్రౌపదిని అడిగారు. భారతం సౌప్తికపర్వంలో కొడుకులు పోయిన ద్రౌపది, అశ్వత్థామను శిక్షించకపోతే అక్కడే ప్రాయోపవేశం చేస్తానని, అంటే తిండి మాని ప్రాణం వదిలేస్తానని కూర్చుంది. అతని తల మీది మణి తెచ్చి చూపించాకే లేచింది. మనం పోతన దగ్గర చదువుకునే భాగవతంలో ఆవిడే ఇంకోలా ఉంటుంది. అర్జునుడు అశ్వత్థామను కట్టి తెచ్చి ముందు పడేస్తే, విడిచిపెట్టమంటుంది. కొడుకుల కోసం నేనేడుస్తున్నట్టు ఇతని తల్లి కూడా ఏడవాలా అన్నది ఆమె మాట. పక్కనే భీముడు చంపాల్సిందేనంటాడు. రెండు కథల్లోనూ గాయపడినది ఆమే, తీర్పులో మాటా ఆమెదే. ఒకచోట కఠినం, ఒకచోట కరుణ. రెంటికీ మనం తలొంచుతాం. మచ్చ ఉన్న హీరో పగకు మద్దతు కూడగట్టే దారి ఇదొకటుంది. గాయపడిన మనిషిని బతికుంచి, నోరిచ్చి చూడండి. ఆమె "వద్దు" అన్నా హీరో వెళ్లాడనుకోండి, అప్పుడు ఆ పగ ఎవరిదో అందరికీ తెలిసిపోతుంది.

అపోహ: పాపి హీరో పగ తీరగానే చనిపోవాలి. అప్పుడే లెక్క సరిపోతుంది.

వాస్తవం: పరిషత్తు నాటికల్లో ఈ ముగింపు చూసి చూసి న్యాయనిర్ణేతలు కూడా విసిగిపోయారు. చావు లెక్క తేల్చదు, పుస్తకం మూసేస్తుంది. ఉత్తర కడుపులో అస్త్రం తగిలినా కృష్ణుడి వల్ల బతికిన బిడ్డ పరీక్షిత్తు. పెద్దయ్యాక ఒక ముని మెడలో చచ్చిన పాము వేసి, ముని కొడుకు శాపానికి గురై, తక్షకుడి కాటుకు పోయాడు. తండ్రి తప్పు తండ్రికి ఉంది. అయినా కొడుకు జనమేజయుడు తక్షకుడొక్కడితో సరిపెట్టుకోక మొత్తం పాముల జాతినే హోమగుండంలోకి దించాడు. మనకు భారతం వినిపించింది ఆ యాగశాలలోనే. దాన్ని ఆపింది సైన్యం కాదు, ఆస్తీకుడు. తల్లి నాగజాతి ఆడపడుచు. వరం కోరుకోమని రాజు మాటిస్తే, యాగం ఆపమన్నాడు. తక్షకుడు బతికాడు, జనమేజయుడూ బతికాడు.

మీ కథలో ఆస్తీకుడు ఎవరు? అవతలి పక్షం రక్తం ఉండి, హీరో ఎదుటికి వచ్చి "ఇక చాలు" అని అడగగల మనిషి. హీరో వింటాడా వినడా అన్నది మీ ఇష్టం. ఈసారి ఆదివారం కథ పట్టుకొచ్చేవాళ్లు క్లైమాక్స్ ఫైటు చెప్పే ముందు ఆ పాత్ర పేరు చెప్పండి.