అంతర్జాతీయ సంబంధాల పాఠం: అపోహలు - వాస్తవాలు

అంతర్జాతీయ సంబంధాలు, విదేశాంగ విధానం చెప్పే క్లాసులోకి ఎవరూ ఖాళీ బుర్రతో రారు. ఏ దేశాన్ని నమ్మకూడదు, ఏ యుద్ధంలో తప్పెవరిది అన్నవి చాలామంది విద్యార్థులకు మొదటి రోజుకే తేలిపోయి ఉంటాయి. ఆ అభిప్రాయాలను మార్చడం నా పని అనుకోను. తీర్పు చెప్పే ముందు, నిర్ణయం తీసుకున్నవాళ్లకు ఆ రోజు ఏం తెలుసు, ఏం తెలీదు, వాళ్ల ముందున్న దారులేమిటి అని అడగడం అలవాటు చేయడమే నా పని. దానికి అడ్డొచ్చే అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: రోజూ వార్తలు చూస్తే ఈ సబ్జెక్టు వచ్చేస్తుంది.

వార్తలు చూడాల్సిందే. కాకపోతే అక్కడే ఆగితే విన్న మాటే నిజమైపోతుంది. "నాటో సైనిక కూటమిలో ఒక దేశంపై దాడి జరిగితే మిగతావన్నీ యుద్ధానికి దిగి తీరాలి" అని చర్చల్లో తరచూ వింటాం. 1949 నాటి నాటో ఒప్పందంలో 5వ అధికరణాన్ని క్లాసులో పైకి చదివిస్తాను. ఒకరిపై సాయుధ దాడిని అందరిపై దాడిగా భావిస్తామని అందులో ఉంది. అయితే ఏ చర్య అవసరమో ప్రతి దేశం తానే నిర్ణయించుకుంటుందనీ, సైనిక బలం వాడటం అందులో ఒకటనీ కూడా ఉంది. అది అమల్లోకి వచ్చింది ఒక్కసారే, 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత. అసలు పత్రంలో ఒక్క పేరా చదివేసరికి విద్యార్థుల ప్రశ్నలు మారిపోతాయి.

అపోహ: బలమున్నవాడిదే రాజ్యం, మిగతావన్నీ మాటలే.

ఇది పూర్తిగా అబద్ధమని చెప్పలేను. కానీ ఇంతటితో పాఠం అయిపోయిందనుకునే విద్యార్థులకు ఐస్‌లాండ్ కథ చెబుతాను. సొంత సైన్యం లేని దేశం అది. ఉన్నది కోస్ట్ గార్డ్ నౌకలే. చేపల వేటపై తన హక్కు 1958లో 12 నాటికల్ మైళ్ల వరకు, 1972లో 50, 1975లో 200 మైళ్ల వరకు ఉందని ప్రకటించుకుంది. బ్రిటన్ ఒప్పుకోలేదు. తన పడవలకు కాపలాగా మూడుసార్లూ యుద్ధనౌకలను పంపింది. ఐస్‌లాండ్ నౌకలు బ్రిటిష్ పడవల వలల తాళ్లు కోసేశాయి. ఓడలు ఒకదాన్నొకటి ఢీకొట్టుకున్నాయి. 1976లో కొంతకాలం దౌత్య సంబంధాలు కూడా తెగిపోయాయి. అయినా మూడుసార్లూ చివరికి తగ్గింది బ్రిటనే.

ఎందుకని అడిగితే క్లాసులో వచ్చే మొదటి జవాబు "ప్రపంచం సానుభూతి". అక్కడ ఆపనివ్వను, ఇంకా తవ్విస్తాను. అప్పట్లో ఐస్‌లాండ్‌లోని కెఫ్లావిక్‌లో అమెరికా సైనిక స్థావరం ఉండేది. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తోంది. నాటో నుంచి వెళ్లిపోతామన్న ఐస్‌లాండ్ బెదిరింపును ఎవరూ తేలిగ్గా తీసుకోలేరు. పైగా ఐస్‌లాండ్‌కి చేపలే బతుకుతెరువు. బ్రిటన్‌లో ఆ దెబ్బ ప్రధానంగా తగిలేది హల్, గ్రిమ్స్‌బీ లాంటి రేవు పట్టణాలకు. సముద్ర చట్టం కూడా అటువైపే కదులుతోంది. తీరం నుంచి 200 మైళ్ల వరకు చేపల్లాంటి వనరులపై ఆ తీరదేశానికే హక్కుండే ఆర్థిక మండలాన్ని 1982 ఐక్యరాజ్యసమితి ఒప్పందం అందరికీ ఖాయం చేసింది. అంటే బలం లెక్కలోకి రాలేదని కాదు. ఏ బలాన్ని ఎక్కడ వాడగలం, వాడితే ఏం పోగొట్టుకుంటాం అన్నది కూడా లెక్కలోకి వచ్చింది.

అపోహ: దేశానికి ఒకే మనసు ఉంటుంది.

"అమెరికా అనుకుంది", "రష్యా కోరుకుంది" అని రాయకుండా మనకు జరగదు. కానీ ఆ వాక్యం వెనక ఎంతమంది ఉంటారో చూపించాలంటే 1962 క్యూబా క్షిపణి సంక్షోభాన్ని మించిన పాఠం నాకు దొరకలేదు. సోవియట్ యూనియన్ క్యూబాలో అణు క్షిపణులు పెడుతోందని తెలిశాక ఏం చేయాలన్న దానిపై అమెరికా అధ్యక్షుడు కెనడీ రహస్యంగా రికార్డు చేయించిన చర్చలున్నాయి. అక్టోబర్ 16న, మొదటి రోజు, అధ్యక్షుడితో సహా ఎక్కువమంది వైమానిక దాడి వైపే మొగ్గారు. చివరికి ఎంచుకున్నది నౌకా దిగ్బంధం. అక్టోబర్ 27న క్యూబా మీద అమెరికా గూఢచారి విమానం కూలింది. దాన్ని కూల్చమని మాస్కో ఆదేశించలేదు, అక్కడి సోవియట్ కమాండర్లే నిర్ణయించారు.

విద్యార్థులకు ఈ పత్రాలను ముగింపు కనిపించకుండా తేదీల వారీగా, కొంచెం కొంచెంగా ఇస్తాను. కథ తెలిసినవాళ్లు కూడా తడబడతారు. క్యూబాలోని సోవియట్ దళాల దగ్గర యుద్ధరంగంలో వాడే చిన్న అణ్వాయుధాలు అప్పటికే ఉన్నాయి. దాడి చేద్దామన్న సలహాదారులకు ఆ సంగతి తెలీదు. ఇది చివర్లో బయటపెట్టినప్పుడు, దాడికి ఓటేసిన విద్యార్థులు ఎవరూ చెప్పకుండానే తమ కాగితాలు మళ్లీ తీసి చదువుకుంటారు.

ఇంకో సంగతి. క్యూబా నుంచి సోవియట్ క్షిపణులు వెనక్కి వెళ్తే టర్కీలోని అమెరికా జూపిటర్ అణు క్షిపణులను తీసేస్తామని సోవియట్ రాయబారికి రహస్యంగా హామీ ఇచ్చారు. అది ఏళ్ల తరబడి జనానికి తెలీదు. దాంతో "గట్టిగా నిలబడితే ఎదుటివాడే దిగొస్తాడు" అన్న పాఠం స్థిరపడిపోయింది. సగం చరిత్ర మీద విదేశాంగ విధానం నడిస్తే ఎంత ప్రమాదమో నాకు దీనివల్లే బాగా అర్థమైంది.

అపోహ: అంతర్జాతీయ చట్టాన్ని ఎవరూ పట్టించుకోరు.

ఉల్లంఘన వార్త అవుతుంది, పాటించడం అవదు. ఉత్తరాలు సరిహద్దులు దాటడం, విమానాలు పరాయి గగనతలంలో ఎగరడం, శత్రుదేశ రాయబారిని అరెస్టు చేయకుండా వెనక్కి పంపడం, వీటి వెనక వరుసగా 1874, 1944, 1961 నాటి ఒప్పందాలున్నాయి.

అపోహ: సిద్ధాంతాలు పరీక్షల కోసమే.

బ్రిటన్ దగ్గరా అణ్వాయుధాలున్నాయి, ఉత్తర కొరియా దగ్గరా ఉన్నాయి. అమెరికాకు టెన్షన్ రెండో దేశం గురించే. ఆయుధాల సంఖ్య ఒక్కటే చూస్తే దీనికి జవాబు దొరకదు. బలాబలాలను చూసే వాస్తవికవాదం, సంస్థలు, సహకారాన్ని చూసే ఉదారవాదం, దేశాలు ఒకదాన్నొకటి మిత్రుడిగానో శత్రువుగానో ఎలా భావిస్తాయో చూసే నిర్మాణాత్మకవాదం, ఈ మూడింటినీ ఈ ఒక్క ప్రశ్న మీద నిలబెడితే ఏది ఎంత దూరం వస్తుందో విద్యార్థులే తేల్చుకుంటారు. నిర్వచనాలు బట్టీ పట్టించడం కన్నా ఇది వెయ్యి రెట్లు మేలు.

అపోహ: తటస్థంగా ఉండటమంటే రెండు వైపులకూ సమానంగా తలూపడం.

జరుగుతున్న యుద్ధం గురించి మాట్లాడేటప్పుడు క్లాసులో ఎవరి కుటుంబం ఏ వైపు ఉందో మనకు తెలీదు. అందుకే జాగ్రత్తగా మాట్లాడాలి. కానీ ఒక దేశ సైన్యం ఇంకో దేశంలోకి చొరబడితే, అది బలప్రయోగాన్ని నిషేధించే ఐక్యరాజ్యసమితి చార్టర్ 2(4) కిందకు వస్తుందా, 51వ అధికరణం చెప్పే ఆత్మరక్షణ వాదన నిలుస్తుందా అన్నది ఆధారాలతో తేల్చాల్సిన ప్రశ్న. దాన్ని అభిప్రాయ భేదంగా వదిలేయను. విద్యార్థులకు నేను పెట్టే షరతు ఒకటే. మీకు నచ్చని పక్షం వాదనను, ఆ పక్షంవాళ్లే చదివి "అవును, మేం అనేది ఇదే" అనేలా ముందు రాయండి, ఖండన ఆ తర్వాత. ఇది చాలా కష్టమైన పని. మార్కులు ఎక్కువగా ఇక్కడే ఇస్తాను, నాతో ఏకీభవించారా లేదా అన్నదానికి కాదు.

అపోహ: నిపుణులైతే ముందే చెప్పగలగాలి.

1991లో సోవియట్ యూనియన్ రద్దవుతుందని ఈ రంగంలో దాదాపు ఎవరూ ముందుగా చెప్పలేకపోయారు. అందుకే "యుద్ధం వస్తుందా సార్?" అని అడిగితే అవుననో కాదనో చెప్పను. వస్తుందనుకుంటే ముందుగా ఏ సూచనలు కనిపించాలి, ఏం జరిగితే మీ అంచనా మార్చుకుంటారు అన్నది తేదీ వేసి రాసివ్వమంటాను. సెమిస్టర్ చివర్లో ఆ కాగితాలు తిరిగిచ్చి, ఏ సూచనను ఎందుకు గమనించలేదో పక్కనే రాయమంటాను.