నూలా గారి తోడు గిన్నె

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

ఐర్లాండులోని డబ్లిన్ నుంచి మన బుజ్జి పోయిన వారం ఫోనులో ఒక ప్రశ్న వేసింది. అది ఫోనులో తేలే సంగతి కాదు, రాసి పంపుతానన్నాను. హైదరాబాదులో ఉన్న మీకూ పనికొస్తుందని అందరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకు చదివి వినిపించండి.

ప్రశ్న ఇది. బుజ్జి వాళ్ళ బడిలో ఆ దేశపు సొంత భాష ఐరిష్ నేర్చుకోవాలి. ఇంటికి వచ్చే బస్సులో మాత్రం దానికి ఆ భాష ఎప్పుడూ వినబడదు. దుకాణంలోనూ వినబడదు. అయినా వాళ్ళ టీచరు నూలా నీ గోనిల్ అనే కవయిత్రి గురించి చెబుతూ, ఆవిడ కవిత్వమంతా ఐరిష్‌లోనే రాస్తారని ఎంతో మురిసిపోయారట. "ఎందుకు తాతయ్యా, ఆవిడకు ఇంగ్లీషు రాదా?" అని అడిగింది బుజ్జి.

వచ్చు, బ్రహ్మాండంగా వచ్చు. ఆవిడ పుట్టిందే ఇంగ్లాండులో. లాంకషైర్‌లోని సెయింట్ హెలెన్స్ అనే ఊళ్ళో, 1952లో. అమ్మానాన్నలిద్దరూ ఐర్లాండు నుంచి వెళ్ళిన డాక్టర్లు. ఆవిడ ఇంగ్లీషులో రాసిన వ్యాసాలను అమెరికా పత్రికలు కూడా అచ్చు వేశాయి. కవిత దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఐరిష్ తప్ప మరో భాష ముట్టరు.

ఎందుకు అన్నదానికి పండితులు పెద్ద పెద్ద జవాబులు చెబుతారు. నాకు పెరుగు సంగతి బాగా తెలుసు కాబట్టి దానితోనే చెబుతాను.

పెరుగు ఎలా అవుతుందో మీకు తెలుసా? ప్యాకెట్టులోంచి వస్తుందని చెప్పకండి, మీ అమ్మమ్మ వింటే బాధపడుతుంది. పాలు కాచి, వేలు పెడితే ఓర్చుకునేంత వేడికి చల్లార్చి, నిన్నటి పెరుగు ఒక చెంచా అందులో కలిపి, మూతపెట్టి కదపకుండా ఉంచాలి. ఆ చెంచాడు పెరుగునే తోడు అంటారు. బిందెడు పాలున్నా తోడు లేకపోతే పెరుగు లేదు. నిన్నటి తోడు మొన్నటి పెరుగులోంచి వచ్చింది. మొన్నటిది అటు మొన్నటిలోంచి. అలా వెనక్కి వెళ్తూ పోతే ఎక్కడ ఆగుతామో చెప్పండి చూద్దాం. నేను చిన్నప్పుడు ఇది ఆలోచించి ఆలోచించి నిద్రపట్టక దొర్లేవాణ్ణి.

మా ఇంట్లో గేదె ఉండేది కానీ ఒక్కోసారి తోడు ఉండేది కాదు. మా అన్నయ్య మధ్యాహ్నమే గిన్నె ఖాళీ చేసేవాడు. అప్పుడు మా అమ్మ నా చేతికి చిన్న గిన్నె ఇచ్చి, "దీపాలు పెట్టకముందే వెళ్ళి రా" అని తరిమేది. దీపాలు పెట్టాక తోడు, ఉప్పు, సూది ఇంట్లోంచి బయటికి ఇవ్వకూడదని మా ఊళ్ళో పట్టింపు. చింతచెట్టు పక్కింట్లో ఒక ముసలమ్మ ఉండేది, అందరికీ అవ్వే. ఆవిడ తోడు ఊరికే ఇచ్చేది కాదు. పొడుపు కథ వేసి, విప్పితేనే ఇచ్చేది. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు" అంటుంది. ఇటు చూస్తే పొద్దు గుంకుతూ ఉంటుంది, అటు చూస్తే అవ్వ నవ్వుతూ కూర్చుంటుంది, చేతిలో గిన్నె ఖాళీ. నా అవస్థ ఊహించుకోండి. (జవాబు నేను చెప్పను. మీ అమ్మల్ని అడగండి. వాళ్ళకూ రాకపోతే అద్దం ముందు నిలబడండి.) అలా ఆ వీధిలో పిల్లలందరికీ తోడుతో పాటు పొడుపు కథలూ అబ్బాయి. ఏది దేనికోసం వెళ్ళి తెచ్చుకున్నామో ఇప్పుడు విడదీసి చెప్పలేను.

సరే, నూలా గారి దగ్గరికి వద్దాం. ఆవిడ తల్లికి ఐరిష్ వచ్చు. తండ్రి తరఫు వాళ్ళు రోజూ ఆ భాషే మాట్లాడేవాళ్ళు. అయినా తల్లి మాత్రం, పిల్లకు ఇంగ్లీషు ఒక్కటే నేర్పితే బతుకు సుఖంగా సాగుతుందని అనుకుంది. ఈ మాట మన ఇళ్ళలోనూ చాలాసార్లు వినబడుతుంది కదా! తప్పుపట్టే ముందు ఆ దేశం ఏమేం పడిందో కొంచెం తెలుసుకోవాలి. 1845లో ఐర్లాండులో బంగాళాదుంప పంటకు తెగులు వచ్చింది. పేదవాళ్ళకు అదే అన్నం. ఏళ్ళ తరబడి సాగిన ఆ కరువులో సుమారు 10 లక్షల మంది చనిపోయారు, ఇంచుమించు అంతే మంది ఓడలెక్కి దేశం విడిచిపోయారు. ఎక్కువగా దెబ్బ తిన్నది పడమటి వైపు పేదలు, ఐరిష్ మాట్లాడేది కూడా ఎక్కువగా వాళ్ళే. మిగిలినవాళ్ళకు పిల్లల్ని బోస్టనుకో లివర్‌పూలుకో పంపడం తప్ప దారి లేకపోయింది. అక్కడ బతకాలంటే ఇంగ్లీషు కావాలి. కొన్ని చోట్ల పిల్లల మెడలో కర్ర ముక్క కట్టి, ఐరిష్ మాట పలికినప్పుడల్లా దానిమీద ఒక గాటు పెట్టి, సాయంత్రం గాట్లు లెక్కపెట్టి కొట్టేవాళ్ళట. అటువంటి కాలాలు దాటి వచ్చిన ఇళ్ళలో ఒక తల్లి ఇంగ్లీషు చాలు అనుకుంటే నేను ఆమెను ఏమీ అనలేను.

కానీ పిల్లకు అయిదేళ్ళు వచ్చేసరికి ఆ ఇంటివాళ్ళే దాన్ని ఐర్లాండు పంపించారు. నైరుతి మూల కెర్రీ కౌంటీలో డింగిల్ ద్వీపకల్పం ఉంది. అక్కడ సముద్రం ఒడ్డున వెంట్రీ అనే ఊరి దగ్గర బంధువుల ఇల్లు. ఊరంతా ఐరిష్ మాట్లాడే చోటు. అటువంటి ప్రాంతాలను వాళ్ళు గేల్టాఖ్ట్ అంటారు. పటంలో చూస్తే పడమటి అంచున చిన్న చిన్న మచ్చల్లా కనిపిస్తాయి. మిగతా దేశంలో ఇంగ్లీషు నిండిపోయినా అక్కడ మాత్రం భాష గిన్నె అడుగున అంటుకుని మిగిలింది. చెంచాడే కావచ్చు, పుల్లటి, చిక్కటి తోడు. ఇంగ్లాండులో పుట్టిన పాలను తెచ్చి అందులో కలిపారు. అయిదేళ్ళ వయసంటే సరిగ్గా గోరువెచ్చని వేడి. ఇంకా చిన్నదైతే మరిచిపోయేది, ఇంకా పెద్దదైతే మొండికేసేది.

తరువాత ఆ పిల్ల కార్క్ నగరంలో విశ్వవిద్యాలయానికి వెళ్ళింది. అక్కడ 1970లో మైకేల్ డావిట్ అనే విద్యార్థి, స్నేహితులు కలిసి 'ఇంటీ' అనే కవిత్వ పత్రిక మొదలుపెట్టారు. అప్పటిదాకా ఐరిష్ కవిత్వం అంటే పల్లె, ముసలివాళ్ళు, విషాదం అనుకునే చోట, ఈ కుర్రకారు నగరం గురించీ ప్రేమ గురించీ ఆ భాషలోనే గడగడా రాసేశారు. నూలా గారూ వాళ్ళలో ఒకరు. 1973లో టర్కీ దేశపు భూగర్భ శాస్త్రవేత్తను పెళ్ళి చేసుకుని, ఏడేళ్ళ పాటు హాలండులోనూ టర్కీలోనూ ఉన్నారు. టర్కీ వాళ్ళకు పెరుగంటే మనకున్నంత ప్రాణం, ఈ సంగతి నా పోలికకు ఎంత చక్కగా కలిసివచ్చిందో చూడండి! ఐరిష్ మాట చెవిన పడని దేశంలో ఉండి కూడా ఆవిడ లోపలి తోడు విరగలేదు. 1980లో పిల్లలతో తిరిగి వచ్చి అదే కెర్రీ తీరంలో కాపురం పెట్టారు. మరుసటి ఏడాదే మొదటి పుస్తకం 'అన్ డ్యాలగ్ డ్రీన్' వచ్చింది.

ఇప్పుడు బుజ్జి బస్సు సంగతి. 2022 జనాభా లెక్కల్లో మాకు ఐరిష్ వచ్చు అని చెప్పినవాళ్ళు దాదాపు 18.7 లక్షల మంది. బడి బయట రోజూ మాట్లాడేవాళ్ళు 72 వేల లోపే. పాలు బిందెడు, తోడు చెంచాడు. నీ బస్సులో తోడు లేదు బుజ్జీ, పాలు మాత్రం బోలెడు ఉండి ఉంటాయి. ఆ కిటికీ పక్కన కూర్చున్న పెద్దాయనకు చిన్నప్పుడు బడిలో నేర్చుకున్న పద్యం ఒకటి గుర్తుందేమో నీకెలా తెలుసు?

పెరుగు ఇక్కడితో ఆపేస్తాను. ఆవిడ కవితల్లో నాకు ఇష్టమైనవి చెప్పాలంటే సముద్రం దగ్గరికి పోవాలి, సముద్రానికి తోడు వేయలేం కదా.

ఆ తీరంలో సాగరకన్యల కథలు చెప్పుకుంటారు. ఒకడు ఒడ్డున సాగరకన్య వేసుకునే వస్త్రం దొంగిలించి అటకమీద దాచేస్తాడు. అది లేకుండా ఆమె నీళ్ళలోకి పోలేదు. అతన్నే పెళ్ళాడి, పిల్లల్ని కని, వంట చేస్తూ ఉంటుంది. ఒక రోజు వస్త్రం బయటపడుతుంది. పిల్లల్ని వదిలి వెళ్ళిపోతుంది. నూలా గారు ఈ కథను పట్టుకుని, మొత్తం సాగరజాతి నీళ్ళు వదిలి నేలమీదికి వచ్చేస్తే ఎలా ఉంటుందో ఊహించి కవితలు రాశారు. 2007లో పాల్ మల్డూన్ అనే ఐర్లాండు కవి చేసిన ఇంగ్లీషు అనువాదంతో కలిపి 'ది ఫిఫ్టీ మినిట్ మర్‌మెయిడ్' అని పుస్తకం వచ్చింది. ఒక కవితలో సాగరకన్య ఆసుపత్రిలో కళ్ళు తెరిచి చూస్తే తోక లేదు. పక్కమీద తనతో పాటు రెండు పొడుగాటి చల్లటి వస్తువులు పడి ఉన్నాయి. అవి కాళ్ళని నర్సు చెప్పాలి!

మరో కవితలో సాగరకన్య కూతురు పెద్దదైంది. నేలమీదే పుట్టి పెరిగింది. స్నానాల గదిలో నిలబడినప్పుడు చుట్టూ ఏదో పైకి ఎక్కుతున్నట్టు ఆమెకు అనిపిస్తుంది. ముందు మడమల దాకా, తరువాత ఇంకా పైకి. వైద్యుల దగ్గర దాన్ని వర్ణించి చెప్పాలని చూస్తుంది. చెప్పలేదు. నీరు అనే మాట వాళ్ళ ఇంట్లో ఎవరూ పలకలేదు, అందుకని ఆమెకు ఆ మాటే తెలియదు. దాని చుట్టూ తిరుగుతుంది, అలాంటిది, ఇలాంటిది అంటుంది, అంతే. ఈ నేలమీదికొచ్చిన సాగరజాతి ఎవరో నేను చెప్పను. మీరే కూర్చుని ఆలోచించండి. హైదరాబాదు వాళ్ళు ఇంకాస్త గట్టిగా ఆలోచించండి.

ఇంకొక కవిత మా అమ్మాయి తెచ్చి ఇచ్చిన 'ఫారోస్ డాటర్' పుస్తకంలో చిట్టచివర ఉంది. 1990 నాటి పుస్తకం. ఎడమ పేజీలో ఐరిష్, కుడి పేజీలో ఇంగ్లీషు. ఆ కుడి పేజీలు 13 మంది ఐర్లాండు రచయితలు తలా కొన్ని రాసి పెట్టారు. అయిదేళ్ళ తరువాత నోబెల్ బహుమతి అందుకున్న షేమస్ హీనీ కూడా వాళ్ళలో ఉన్నారు. అంత పెద్దవాళ్ళు మరొకరి వాకిట్లో కూర్చుని పని చేయడం నాకెంతో నచ్చింది. ఆ చివరి కవితలో ఆవిడ తన ఆశను భాష అనే చిన్న పడవలో పెడతారు. బైబిల్లో మోషే తల్లి పసివాణ్ణి పెట్టినట్టు, ఆకులతో అల్లి అడుగున తారు పూసిన బుట్టలో. మనవాళ్ళకు కర్ణుడి పెట్టె గుర్తొస్తుంది. నది ఒడ్డున రెల్లు మధ్య దాన్ని వదిలి, ప్రవాహం ఎటు తీసుకుపోతుందో చూస్తూ నిలబడతారు. ఫారో, అంటే ఈజిప్టు రాజు, కూతురి ఒళ్ళోకి చేరుతుందేమో! మోషే కథలో పసివాణ్ణి చంపించబోయింది ఆ ఫారోయే, తీసి పెంచుకున్నది వాడి కూతురే. ఇక్కడ ఆ కూతురు ఎవరో తేల్చాలని చూశాను. ఇంగ్లీషా? ఆ 13 మందా? సెయింట్ హెలెన్స్‌లో పుట్టిన అయిదేళ్ళ పిల్లా? ఐరిష్ బడిలో కూర్చున్న మన బుజ్జా? తేల్చకుండానే పుస్తకం మూసేశాను, అదే బాగుంది.

బిరుదుల సంగతి రెండు ముక్కల్లో. 2001 నుంచి 2004 దాకా ఐర్లాండు దేశపు కవిత్వ ఆచార్య పీఠం ఆవిడది. ఐరిష్‌లో రాసేవాళ్ళలో ఆ పీఠం ఎక్కిన మొదటి మనిషి. 2018లో పోలండు వాళ్ళు తమ కవి జ్బిగ్నియెఫ్ హెర్బర్ట్ పేరిట ఇచ్చే పురస్కారం అందింది. చదివేవాళ్ళు తక్కువ అనే భాషలో రాసి అక్కడిదాకా వెళ్ళారు.

ఇప్పుడు మీకు పని చెబుతాను. 1937 నుంచి 1939 వరకు ఐర్లాండు ప్రభుత్వం బడిపిల్లలకు ఒక పని అప్పజెప్పింది. ఇంటికి వెళ్ళి తాతలనూ అవ్వలనూ ఇరుగుపొరుగునూ అడిగి కథలు, పొడుపు కథలు, నాటు వైద్యం, వెన్న చిలికే పద్ధతులు, అన్నీ నోటు పుస్తకాల్లో రాసుకురమ్మంది. దాదాపు 5,000 బడుల నుంచి 50 వేల మందికి పైగా పిల్లలు రాశారు. అటువంటి జానపద కథల ఊటలోంచే నూలా గారి కవితలకు నీళ్ళు అందాయి. ఆ పిల్లల పుస్తకాలు ఇప్పుడు డూకస్ అనే వెబ్‌సైటులో వాళ్ళ చేతిరాతతో సహా చూడవచ్చు. మే నెల మొదటి రోజున పాలూ వెన్నా ఇంట్లోంచి బయటికి ఇస్తే ఇంటి భాగ్యం పోతుందని అక్కడి పల్లెల్లో నమ్మేవాళ్ళట. మా ఊరి అవ్వ ఈ మాట వింటే, "ఆ దేశంలోనూ బుద్ధిమంతులు ఉన్నారన్నమాట" అనేది.

బుజ్జీ, నువ్వు అందులో మీ చుట్టుపక్కల ఊరి బడి ఒకటి వెతికి, ఒక పిల్ల రాసిన పేజీ ఐరిష్‌లో బిగ్గరగా చదువు. నాకు ఒక్క ముక్క అర్థం కాదు, అయినా వినాలి. హైదరాబాదు వాళ్ళు ఒక నోటు పుస్తకం కొని మీ నాయనమ్మ దగ్గర కూర్చోండి. మొదట పొడుపు కథలు అడగండి, తరువాత పాటలు. ఆవిడ "నాకేం గుర్తున్నాయిరా" అంటుంది. నమ్మకండి.

ఆదివారం పొద్దున ఫోను చేస్తాను. మీవన్నీ విన్నాక ఫోను మీ అమ్మలకు ఇవ్వండి, ఈ ఏడాది ఆవకాయ ఎవరికి ఎంత పంపాలో తేల్చాలి.

మీ తాతయ్య