జీతం ఒకటే, అద్దెలు వేరు: ఒకేషనల్ మాస్టార్ల లెక్క వెనుక కథ

పొద్దున్నే విజయనగరం స్టేషన్‌లో విశాఖ వెళ్లే ప్యాసింజర్ కోసం నిలబడేవాళ్లలో మా వీధి మాస్టారు ఒకరు. విశాఖలో ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఒకేషనల్ (వృత్తివిద్య) కోర్సులో ఎలక్ట్రికల్ చెప్తారు. కాంట్రాక్ట్ లెక్చరర్. కాలిపోయిన సీలింగ్ ఫ్యాన్ విప్పించి, కాయిల్ చుట్లు లెక్కపెట్టించి, మళ్లీ పిల్లల చేతే చుట్టిస్తారు. ఆయన జేబు డైరీలో ఒక పేజీకి నడిమధ్యన గీత ఉంది. ఒకపక్క ‘ఇక్కడ’, ఇంకోపక్క ‘అక్కడ’. కింద అద్దె, పాలు, కూరలు, పాప ఫీజు, సీజన్ టికెట్. అద్దె దగ్గర అక్కడి అంకె కింద రెండు గీతలు కొట్టి ఉన్నాయి. "అన్నీ మారాయండీ, పైన రాసిన జీతం ఒక్కటే మారలేదు" అన్నారు.

ఆ జీతం 57,100. 2022 వేతన సవరణ (పీఆర్సీ) ప్రకారం జూనియర్ లెక్చరర్ స్కేలు మొదలయ్యేది అక్కడే. కాంట్రాక్ట్ వాళ్లకు ‘మినిమమ్ టైమ్ స్కేల్’ పేరుతో ఆ మొదటి మెట్టు జీతం మాత్రమే వస్తుంది. ధరలు పెరిగితే ఇచ్చే కరువు భత్యం (డీఏ) ఉండదు, ఇంటి అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) ఉండదు. ఇచ్ఛాపురంలో పాఠం చెప్పినా విశాఖలో చెప్పినా అంతే. ఏ ఊళ్లో ఒకేషనల్ టీచరుకు ఎంత మిగులుతుంది అని అడిగేవాళ్లు ముందు అడగాల్సింది ఊరి పేరు కాదు. ఆ టీచరు రెగ్యులరా, కాంట్రాక్టా అని.

ప్రభుత్వ జీతంలో ఊరికి విలువ కట్టేది ముఖ్యంగా హెచ్‌ఆర్‌ఏ. కేంద్రం నగరాలను ఎక్స్, వై, జెడ్ అని విడదీసింది. 50 లక్షల జనాభా దాటిన హైదరాబాద్ ఎక్స్, విశాఖ, విజయవాడ వై, శ్రీకాకుళం, విజయనగరం జెడ్. డీఏ 50 శాతానికి చేరాక, 2024 జనవరి నుంచి ఈ మూడింటికి 30, 20, 10 శాతం ఇస్తున్నారు. రాష్ట్రంలో లెక్క వేరు. 2022 జనవరిలో ఇచ్చిన జీవోలతో 5 లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లన్నీ 8 శాతంలో పడేవి. మన రెండు పట్టణాలూ అందులోనే. ఫిబ్రవరి 3న ఉద్యోగులు, టీచర్లు ‘చలో విజయవాడ’కు కదిలారు. ఆ తర్వాత చర్చల్లో జనాభాను బట్టి 10, 12, 16, 24 శాతం అని ఖరారైంది. 57,100 బేసిక్ మీద 16 శాతం అంటే 9,136 రూపాయలు. 10 శాతమైతే 5,710. ఆ పోరాటంలో ఇంటి అద్దె భత్యం కూడా ఒక ముఖ్యమైన అంశం. మా మాస్టారి వంటి వాళ్లకు మాత్రం ఆ గొడవలో పోయేదీ లేదు, వచ్చేదీ లేదు.

ఒకేషనల్ టీచర్లలో ఇంతమంది ఈ కాంట్రాక్ట్ వరసలోకి ఎలా చేరారు? ఐటీఐల కథ 1950లో మొదలైంది. క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీమ్ కింద ఫిట్టర్, టర్నర్, వెల్డర్ ట్రేడ్లు వచ్చాయి. కాలేజీల కథ వేరు. 1986 జాతీయ విద్యా విధానం ప్లస్‌టూ పిల్లల్లో 1990 నాటికి 10 శాతాన్ని, 1995 నాటికి 25 శాతాన్ని ఒకేషనల్ వైపు మళ్లించాలని లక్ష్యం పెట్టింది. 1988లో కేంద్ర సాయంతో పథకం మొదలైంది. కేంద్రం డబ్బు ఎన్నాళ్లు వస్తుందో తెలియని చోట శాశ్వత పోస్టు వేయడానికి ఏ రాష్ట్రమైనా వెనకాడుతుంది. అసలు చిక్కు ఇక్కడే పడిందని నా నమ్మకం. కోర్సు నిలబడింది, చెప్పేవాడి పోస్టు నిలబడలేదు.

ఆపైన 1994లో రాష్ట్రం రెండో నంబరు చట్టం తెచ్చింది. పోస్టు లేకుండా చేసే నియామకాలకు, వాటిని పర్మనెంట్ చేయడానికి అడ్డుకట్ట వేసింది. 1993 నవంబరు 25 నాటికి ఐదేళ్ల సర్వీసు నిండినవాళ్లకే దారి మిగిలింది. ఒక్క తేదీతో ఎంతమంది జీవితాలు అటో ఇటో అయ్యాయో స్టాఫ్‌రూముల్లో అడిగితే చెప్తారు. 2016 అక్టోబరులో జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, అదే పని చేసే తాత్కాలిక ఉద్యోగికి రెగ్యులర్ స్కేలులో కనీస జీతం ఇవ్వాలంది. అది పెద్ద మేలే. అయినా భత్యాలు అందులో లేవు. 2013లో నైపుణ్య అర్హతల చట్రం వచ్చాక హైస్కూళ్లలో చేరిన ఒకేషనల్ ట్రైనర్ల సంగతి ఇంకా పలచన. ఏజెన్సీ ద్వారా నెలకు గంపగుత్తగా ఒక మొత్తం, అంతే.

‘చిన్న ఊరు కదా, ఖర్చు తక్కువే’ అనే మాట తరచూ వింటాం. అద్దె వరకు నిజం. నూనె ప్యాకెట్, గ్యాస్ బండ, ఫోన్ రీఛార్జ్ ఊరిని చూసి తగ్గవు. పైగా శ్రీకాకుళం మనిషి విశాఖ ఖర్చు తప్పించుకోలేడు. పెద్ద జబ్బు చేస్తే 100 కిలోమీటర్లు దాటి అక్కడికే, పిల్లాడి కోచింగ్ అయినా అక్కడి హాస్టల్‌లోనే.

ఈ తేడాను సరిగ్గా కొలిచే అంకె కూడా ప్రభుత్వం దగ్గర లేదు. డీఏకి ఆధారమైన కార్మికుల ధరల సూచీని 88 కేంద్రాల్లో లెక్కగడతారు. వాటిలో విశాఖ ఉంది, మన రెండు పట్టణాలూ లేవు. డీఏ కట్టేది దేశం మొత్తం సగటు మీద. పైగా ఆ సూచీ ఒక ఊళ్లో ధరలు కాలంతో ఎంత పెరిగాయో చెప్తుంది గానీ, ఈ ఊరికంటే ఆ ఊరు ఎంత ఖరీదో చెప్పదు. రెండు నగరాల సూచీలు పక్కపక్కన పెట్టి జీతాలు పోల్చేవాళ్లు తరచూ పొరబడేది దీని దగ్గరే.

2023లో కాంట్రాక్ట్ ఉద్యోగుల క్రమబద్ధీకరణకు రాష్ట్రం చట్టం చేసింది. 2014 జూన్ 2కు ముందు చేరినవాళ్లకే అది వర్తిస్తుంది. మా మాస్టారు చేరింది 2016లో. వైజాగ్‌కి మారిపోదామా అని ఇంట్లో ఈ ఏడు కూడా మాట వచ్చిందట. డైరీలో ఆ పేజీ తీసి ఇంకోసారి కూడి చూసి, సీజన్ టికెట్ రెన్యూ చేయించుకున్నారు.