పగిలిన గుల్ల కూడా మీదే

చిన్నీ, కన్నా,

పోయిన డిసెంబరులో వాషింగ్టన్ రాష్ట్రంలోని కోపాలిస్ సముద్రతీరాన మీరిద్దరూ ఇసుకలోంచి రేజర్ క్లామ్స్ అనే గుల్లలు తవ్వుతుంటే నేను లాంతరు పట్టుకుని పక్కనే నిలబడ్డాను. కన్నా, నీ పార తగిలి ఒక గుల్ల పెంకు పగిలింది. నువ్వు అటూ ఇటూ చూసి, దాన్ని మళ్ళీ గుంటలో పెట్టి, బూటుతో ఇసుక కప్పేశావు. అప్పుడు నేనేమీ అనలేదు. చలికి నీ పెదాలు వణుకుతున్నాయి, అసలే పెంకు పగిలిందని నీ మొహం చిన్నబోయింది. ఈసారి మీరు సెలవలకి వచ్చేలోపు ఆ మాట చెప్పేద్దామని ఈ ఉత్తరం.

వాషింగ్టన్‌లో రేజర్ క్లామ్స్ మనిషికి రోజుకి 15 వరకే తవ్వుకోవచ్చు. ఏ 15 అంటే, మొదట తవ్విన 15. చిన్నదని, విరిగిందని ఒకదాన్ని వదిలేసి ఇంకొకటి తవ్వుకోవడానికి లేదు. ఈ నియమం నాకు చాలా ఇష్టం. పెంకు పగిలిన గుల్లని గుంటలో పెట్టి కప్పినా అది బతకదు. ఇసుకలోకి తవ్వుకుపోయే దాని కాలు తెగిపోతే ఇక కిందికి దిగలేదు, తెల్లారేసరికి సీగల్స్ పొడుచుకు తింటాయి. నువ్వు జాలితోనే కప్పావని నాకు తెలుసు నాన్నా. కానీ పైకి తీశాక అది మనదే, మన సంచిలోకే రావాలి.

మా కాకినాడ వైపు గుల్లలంటే ముందు గుర్తొచ్చేది సున్నం. బట్టీలో కాల్చి గుల్లసున్నం చేసేవాళ్ళు, గోడకీ అదే, తాంబూలానికీ అదే. ఇక్కడి గుల్ల వేరు. కళ్ళజోడు పెట్టెలా కోలగా, వార్నిష్ పూసిన చెక్కలా నిగనిగలాడుతూ ఉంటుంది. అంచు మాత్రం నిజంగా బ్లేడే, వేలు తెగుతుంది. ఈ తీరంలో మనకంటే ఎంతో ముందు నుంచి క్వినాల్ట్ అనే ఆదివాసీ జాతివాళ్ళు వీటిని తవ్వుకుని తింటున్నారు, ఎండబెట్టి దాచుకుంటున్నారు. కోపాలిస్ దాటి ఇంకా ఉత్తరానికి వెళ్తే వాళ్ళ నేలే. అక్కడ మనం తవ్వకూడదు.

చలికాలంలో బాగా దిగే ఆటు రాత్రిపూట వస్తుంది, అందుకే లాంతర్లు. నీళ్ళు పూర్తిగా తగ్గే వేళకి గంటా రెండు గంటల ముందే మనం తీరంలో ఉండాలి. తడి ఇసుక మీద మూడు రకాల గుర్తులు చూడండి. ఒకటి బొటనవేలితో నొక్కినట్టు చిన్న గుంట. రెండోది అచ్చం గారె, చుట్టూ గట్టు, మధ్యలో చిల్లు. మూడోది తాళం కన్నంలా నిక్కచ్చిగా ఉండే రంధ్రం. కింద గుల్ల మెడ లోపలికి లాక్కుంటే పడే గుర్తులివి. ఏమీ కనబడకపోతే పార పిడితో ఇసుక మీద గట్టిగా కొట్టండి, ఆ అదురుకి ఉలిక్కిపడి మెడ లాక్కుంటుంది, గుంట పడుతుంది. పెద్ద కన్నం కింద పెద్ద గుల్ల ఉంటుందని నా అనుభవం.

పార ఎప్పుడూ గుర్తుకి సముద్రం వైపు, నాలుగైదు అంగుళాల ఎడంగా దించాలి. నిటారుగా దించాలి. కన్నా, పోయినసారి నువ్వు పారని ఏటవాలుగా తోశావు, పెంకు పగిలింది అందుకే. రెండు మూడు సార్లు ఇసుక తీశాక చేత్తో తడమండి. ఆలస్యం చేస్తే దొరకదు. దాని కాలు ఇసుకలోకి పొడుచుకుపోయి, చివర ఉబ్బి లంగరులా పట్టుకుంటుంది, ఆ పట్టుతో పెంకుని కిందికి లాక్కుంటుంది. నిమిషం లోపే జానెడు లోతు దిగిపోతుంది. పారకి బదులు, ఇసుకలోకి దించి గుల్లతో సహా పైకి లాగే గొట్టంతో తవ్వేటప్పుడు దాని పైనున్న గాలి కన్నాన్ని బొటనవేలితో మూసి లాగండి. నడుముతో కాదు, కాళ్ళ బలంతో లేవండి. ఏం చేస్తున్నా సముద్రానికి వీపు పెట్టకండి. పెద్ద అల చెప్పి రాదు.

చిన్నీ, నీకు 15 ఏళ్ళు నిండాయి కాబట్టి ఈసారి నీకు లైసెన్సు కావాలి. తమ్ముడికి అక్కర్లేదు. ఎవరి గుల్లలు వాళ్ళే తవ్వాలి, ఎవరి సంచి వాళ్ళదే. తాతయ్య తవ్వి మీ సంచిలో వెయ్యడం కుదరదు.

బయల్దేరే ముందు ఆ రోజు ఆ తీరాన్ని తవ్వకానికి తెరిచారో లేదో నేను ఖాయం చేసుకుంటాను. సముద్రంలో కంటికి కనబడని ఒక రకం నాచు డొమోయిక్ ఆమ్లం అనే విషాన్ని తయారు చేస్తుంది. ఆ నాచు తిన్న గుల్లలో విషం నెలల తరబడి ఉండిపోతుంది. వాసన రాదు, రుచి మారదు, ఉడికించినా పోదు, ఫ్రీజర్‌లో పెట్టినా పోదు. మనిషికి జ్ఞాపకశక్తే పోవచ్చు. ఇక్కడి గుల్లల్లో దాన్ని మొదట కనిపెట్టింది 1991లో. పది లక్షల పాళ్ళకి 20 పాళ్ళు చేరితే తీరం మూసేస్తారు. 2015లో కాలిఫోర్నియా నుంచి అలాస్కా దాకా ఆ నాచు పెరిగిపోతే ఇక్కడ తవ్వకాలు ఆపేశారు. కాబట్టి మూసిన రోజు ‘ఒక్కటే అమ్మమ్మా’ అని బతిమాలినా నేను కదలను.

ఇంటికొచ్చాక వంటగదిలో నాకు మీ ఇద్దరి చేతులూ కావాలి. గుల్లల మీద మరిగే నీళ్ళు పోస్తే కొన్ని క్షణాల్లో పెంకులు విచ్చుకుంటాయి. వెంటనే చన్నీళ్ళలో వెయ్యాలి, లేకపోతే అక్కడే ఉడికిపోయి గట్టిపడతాయి. కత్తెరతో మెడ కొస తుంచి, కిందనుంచి మెడ దాకా జిప్పు తీసినట్టు చీల్చాలి. మొప్పలు, నల్లటి పేగు భాగం తీసి పారెయ్యాలి. కాలుని చీలిస్తే లోపల గాజు పుల్లలాంటిది జారిపడుతుంది. చిన్నీ, నువ్వు దాన్ని పురుగనుకుని కెవ్వుమన్నావు గుర్తుందా? పురుగు కాదమ్మా. గుల్ల తిన్నది అరిగేది ఆ పుల్లతోనే. దీపానికి ఎదురుగా పెట్టి చూడు, అవతలి వెలుగు కనబడుతుంది.

మంచివాటిని గుడ్డతో తడి లేకుండా అద్ది, ఉప్పు, పసుపు, కారం, కాస్త అల్లం వెల్లుల్లి పట్టించి, గిలక్కొట్టిన గుడ్డులో ముంచి, బొంబాయి రవ్వలో దొర్లిస్తాను. నూనె బాగా కాగాలి. ఇటు ఒక నిమిషం, అటు ఒక నిమిషం, అంతే. ఇంకాసేపు ఉంచితే చెప్పు తోలు నమిలినట్టే. ఇక్కడివాళ్ళు రవ్వకి బదులు బ్రెడ్డు పొడి వేస్తారు, నాకు రవ్వ కరకరే నచ్చుతుంది.

పగిలిన వాటిలో ఇసుక చేరుతుంది. అందుకని నాలుగైదు నీళ్ళు పోసి కడిగి, సన్నగా తరిగి, ఇగురు పెడతాను. ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, కరివేపాకు బాగా మగ్గి మసాలా నూనె తేలాక, చివర్లో గుల్ల ముక్కలు వేసి రెండు నిమిషాల్లో దింపేస్తాను. వేడన్నంలో నాకు వేపుడు కంటే ఆ ఇగురే ఇష్టం. పోయినేడు పగిలినవి అసలు ఇంటికే రాలేదు, ఇగురూ లేదు.

ఇద్దరూ ఉన్ని మేజోళ్ళు రెండేసి జతలు తెచ్చుకోండి. కన్నా, నీ పాత బూట్లు బిగుతయ్యుంటాయి, అమ్మకి ముందే చెప్పు. నీ పార తాతయ్య తుడిచి నూనె రాసి పెట్టారు. పిడికి నీ పేరు రాసిన కాగితం కూడా అంటించారు.

మీ అమ్మమ్మ