స్టాండేసి కడితే బండి కదలదా? టాటా ఏస్‌లో బైకు ఎక్కించేవాళ్ల అపోహలు - వాస్తవాలు

తిరుపతి నుంచి బెంగళూరుకో చెన్నైకో ఇల్లు మారేవాళ్లు బైకు ఎక్కించే ప్రతిసారీ వినిపించే మాట ఇది: "సెంటర్ స్టాండేసి గట్టిగా కట్టేయండన్నా, ఇంక కదల్దు." దారిలో బండ్లు పడేది ఎక్కువగా ఈ మాట పట్టుకున్నందుకే.

అపోహ: స్టాండు మీదుంటే బండి గట్టిగా నిలబడుతుంది.

సెంటర్ స్టాండు మీంచి బండి దించాలంటే ఏం చేస్తాం? ముందుకు తోస్తాం. బెంగళూరు నుంచి వస్తూ మొగిలి ఘాట్ దిగేటప్పుడు డ్రైవరు బ్రేకు తొక్కితే బండికి తగిలే తోపూ అదే. స్టాండు మడుచుకుంటుంది, బండి కిందికి కూర్చుంటుంది, కట్టినవన్నీ ఒకేసారి వదులవుతాయి. తర్వాతి మలుపులో పడడమే. సైడ్ స్టాండుది ఇంకో రోగం. బెల్టు బిగువంతా ఆ ఒక్క కాలి మీద పడి, అది ఛాసిస్‌కి అతికిన చోట వంగిపోతుంది.

కాబట్టి స్టాండ్లు రెండూ ఎత్తేయాలి, చక్రాలు రెండూ బాడీ రేకు మీద ఆనాలి. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 పొడవు సుమారు 7 అడుగులు, ఏస్ బాడీదీ ఇంచుమించు అంతే. అందుకే మూల నుంచి మూలకు పెట్టి, ముందు చక్రాన్ని క్యాబిన్ వైపు మూలలోకి దూర్చాలి. చక్రం అటూ ఇటూ తిరగకుండా ఆ మూలే పట్టేస్తుంది.

ఇక నాలుగు రాట్చెట్ బెల్టులు, అంటే పళ్ల చక్రం మీద లివర్ ఆడిస్తే బిగిసేవి. ముందువి రెండూ, ముందు చక్రాన్ని పట్టుకునే రెండు ఫోర్కుల్ని కలిపే కింది అడ్డపట్టీ (టీ) దగ్గర చెరో వైపు వేసి, ముందుకీ పక్కకీ లాగేలా దాదాపు 45 డిగ్రీల వాలులో కట్టాలి. హ్యాండిల్ చివర్లకు, ఇండికేటర్లకు, బ్రేకు గొట్టం మీదుగా వేయకూడదు. ఒక వైపు రెండు పళ్లు, ఇంకో వైపు రెండు పళ్లు, ఇలా మార్చి మార్చి బిగిస్తే బండి నిటారుగా నిలుస్తుంది. ముందు షాకులు సగం దిగితే ఆపేయాలి. వెనక రెండు బెల్టులు ఫుట్‌రెస్ట్ బ్రాకెట్లకు, తోక పక్కకు జరగకుండా ఉండేంత బిగువు చాలు.

సగమే ఎందుకంటారా? వదులుగా కడితే స్పీడ్ బ్రేకర్ మీద షాకు ఇంకాస్త దిగి, బెల్టు సడలి, కొక్కెం దానంతటదే ఊడి వస్తుంది. అడుగంటా బిగిస్తే షాకుకి దిగే చోటే ఉండదు, ప్రతి గుంత దెబ్బా ఫోర్కులో ఆయిల్ కారకుండా ఆపే సీళ్ల మీదా కొక్కేల మీదా పడుతుంది. "కడితే సీలు పోతుంది" అనే పుకారు పుట్టింది ఇక్కడే. పోయేది కట్టినందుకు కాదు, అడుగంటా కట్టినందుకు.

అపోహ: తాడైనా బెల్టైనా ఒకటే.

కాదు. నైలాన్ తాడు సాగుతుంది, తడిస్తే ఇంకా సాగుతుంది. దారిలో ముడి విప్పి మళ్లీ బిగించే ఓపిక ఎవరికుంటుంది? 112 కిలోల స్ప్లెండర్‌కి అంగుళం వెడల్పు బెల్టు సరిపోతుంది, 195 కిలోల క్లాసిక్‌కి అంగుళంన్నర తీసుకోండి. సైలెన్సర్ వేడిగా ఉండగా బెల్టు తగిలితే కరుగుతుంది. బెల్టుకి ఒక్క మెలిక వేస్తే గాలికి దడదడలాడదు. తిరుపతిలో ఎక్కించి బెంగళూరు వైపు వెళ్తుంటే చంద్రగిరి దగ్గర ఒకసారి ఆపి మళ్లీ బిగించండి. మొదటి 10-15 కిలోమీటర్లలోనే బండి సర్దుకుని బెల్టులు కాస్త వదులవుతాయి.

గేర్లోనా న్యూట్రల్లోనా అన్న గొడవ అనవసరం. ఫస్ట్ గేర్లో పెట్టండి, కానీ బండిని పట్టేది బెల్టే. పెట్రోలు చుక్క లేకుండా తీయాల్సింది రైల్వే పార్సెల్‌కి. ఏస్‌లో అయితే ట్యాంకులో పావు కంటే తక్కువ ఉంటే చాలు.

అపోహ: బండిని మనం నడపలేదు కాబట్టి, దారిలో దెబ్బతింటే ఇన్సూరెన్స్ రాదు.

ఈ భయంతో నిద్రపోనివాళ్లున్నారు, పాపం. మామూలు ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టానికి ఇచ్చే) పాలసీలో రోడ్డు మీద, రైల్లో రవాణా అయ్యేటప్పుడు జరిగే నష్టం కూడా చేరి ఉంటుంది. థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే రాదు. ఎక్కించే ముందు నాలుగు వైపులా, మీటరు రీడింగుతో సహా ఫోటోలు తీసుకోండి. ట్యాంకు మీద పాత సొట్ట ఉంటే దాన్నీ తీయండి.